ఎలుకల బోను – ఇహ్‌సాన్ ఆదేశం
(హాని చేసే జీవులను చంపే పద్ధతిపై ఒక పరిశీలన)

గుంటూరు జిల్లా తాడేపల్లి కృష్ణానదికి దక్షిణపు గట్టున, విజయవాడకు ఎదురుగా వున్నది. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ నుండి పశ్చిమ డెల్టాకు నీరందించే కాలువ యీ ప్రాంతం నుండే సాగిపోతుంది. కాలువ కింద వరి, అరటి, పసుపు పండుతాయి. పడమరగా, దక్షిణంగా వెళ్ళే కొద్దీ నల్లరేగడి నేలల్లో ప్రత్తి, మిరప కనిపిస్తాయి. యీ నేలలన్నిటిలోనూ రైతు పంటలో పిలవకుండానే వాటా తీసుకునే జీవి ఒకటున్నది. అది ఎలుక.

వరి చేలో గట్టుకు కలుగు తవ్వి, పిలకలు కొరికి, కంకులను లోపలికి మోసుకుపోయేది పందికొక్కు జాతి ఎలుక. దాని కలుగు ముందు తాజా మట్టి కుప్ప వుంటుంది. లోపల ధాన్యపు కొట్టు వుంటుంది. ప్రత్తి చేలో అది కాయను కొరికి గింజలోని పప్పు తింటుంది. ఎలుక ముందు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే వుంటాయి కనుక వాటిని అరగదీసుకోవడానికి ఏదో ఒకటి కొరకక తప్పదు. అందుచేతనే ఘాటుకు జడిసి ఎలుక మిరపకాయను పెద్దగా తినకపోయినా మిర్చి టిక్కీల గోనెను మాత్రం వదలదు. గోనె చిరిగితే సరుకు నేలపాలు. కౌలుకు చేసుకునే చిన్న రైతుకు యీ నష్టం చిన్నది కాదు. పెట్టుబడి అప్పు తీరేదీ తీరనిదీ చివరి పది బస్తాల మీదనే ఆధారపడి వుంటుంది.

కనుక ఎలుకలను అదుపు చేయాలా వద్దా అన్నది యిక్కడ ప్రశ్న కాదు. ఏ విధంగా అన్నదే ప్రశ్న. దుకాణంలో వ్రేలాడే స్ప్రింగు బోనును కొనే రైతు దాని ధర అడుగుతాడు, ఎలుక పడుతుందా అని అడుగుతాడు. అది ఎలుకను ఎంతసేపట్లో చంపుతుందని అడిగే వారు అరుదు. ఇస్లామీయ ధర్మశాస్త్రం ఆ మూడవ ప్రశ్నను కూడా అడగమంటున్నది. ఆధునిక కాలంలో కొన్ని దేశాల చట్టాలు కూడా, వేరే దారిన నడిచి, అదే ప్రశ్న దగ్గరకు వచ్చాయి.

అనుమతి – దాని హద్దులు

హాని చేసే జీవిని చంపడానికి షరీఅత్‌లో స్పష్టమైన అనుమతి వున్నది. హజ్రత్ ఆయిషా (ర) ఉల్లేఖించిన హదీసులో దైవప్రవక్త (స) ఐదు జీవులను పేర్కొని, వాటిని హరమ్ సరిహద్దు లోపలా వెలుపలా చంపవచ్చునన్నారు. అవి కాకి, గ్రద్ద, తేలు, ఎలుక, కరిచే కుక్క. సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం రెండింటిలోనూ యీ హదీసు వున్నది. హరమ్‌లో వేటాడడం నిషిద్ధం. అక్కడ సైతం యీ మినహాయింపు వున్నదంటే హాని తొలగించుకోవడానికి ధర్మం ఎంత విలువ యిచ్చిందో గ్రహించవచ్చు. రాత్రి పడుకోబోయే ముందు దీపాలు ఆర్పమనీ, ఎలుక వత్తిని లాక్కుపోయి యింటికి నిప్పంటించగలదనీ హెచ్చరించిన హదీసు కూడా వున్నది. అంటే ఎలుక వలన కలిగే నష్టం ప్రవక్త (స) కాలం నాటి గృహస్థుకు కూడా అనుభవమే.

అయితే యిక్కడ ఒక విషయం స్పష్టం చేసుకోవలసి వున్నది. చంపే అనుమతి వేరు, చంపే పద్ధతి వేరు. మొదటిది లభించినంత మాత్రాన రెండవది మన యిష్టానికి వదిలివేయబడలేదు. హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (ర) ఉల్లేఖించగా సహీహ్ ముస్లింలో నమోదైన ప్రసిద్ధ హదీసు యీ విషయానికి మూలస్తంభం. అల్లాహ్ ప్రతి పనిలోనూ ఇహ్‌సాన్‌ను, అంటే ఉత్తమ రీతిని, విధిగా నిర్ణయించాడని ఆ హదీసు తెలుపుతుంది. చంపవలసి వచ్చినపుడు చంపే తీరు ఉత్తమంగా వుండాలనీ, జబహ్ చేసేటపుడు కత్తికి పదును పెట్టుకొని జీవికి బాధ తగ్గించాలనీ దాని సారాంశం.

యీ హదీసులో చంపడం, జబహ్ చేయడం రెండూ విడివిడిగా ప్రస్తావించబడినవి. ఆహారం కోసం చేసే జబహ్‌కు మాత్రమే యీ నియమం పరిమితమైతే మొదటి మాట అవసరం వుండేది కాదు. కనుక తినని జీవిని, హాని చేసే జీవిని చంపేటపుడు కూడా ఇహ్‌సాన్ వర్తిస్తుంది. కత్తి పదునుకు జబహ్‌లో ఏ స్థానం వున్నదో, స్ప్రింగు బలానికి బోనులో అదే స్థానం వున్నదని చెప్పడంలో తప్పు లేదు.

దీనిని బలపరిచే హదీసు మరొకటి వున్నది. బల్లిని మొదటి దెబ్బకే చంపిన వానికి ఎక్కువ పుణ్యమనీ, రెండవ దెబ్బకు చంపిన వానికి అంతకంటె తక్కువనీ, మూడవ దెబ్బకు యింకా తక్కువనీ హజ్రత్ అబూ హురైరా (ర) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో వున్నది. దెబ్బలు పెరిగిన కొద్దీ శ్రమ పెరుగుతుంది. అయినా పుణ్యం తగ్గుతున్నది. ఎందుకు? మేలైన పనిని త్వరగా ముగించడం ఒక కారణమనీ, ప్రాణం త్వరగా పోవడమే చంపడంలోని ఇహ్‌సాన్ అన్నది మరొక కారణమనీ హదీసు వ్యాఖ్యాతలు వివరించారు.

దీనికి వ్యతిరేక దిశలో నిషేధాలు కూడా వున్నాయి. ఒక పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, తానే వెతుక్కొని తినేందుకు వదలక చంపిన స్త్రీ శిక్షకు గురైనదని హదీసు చెబుతున్నది. ప్రాణమున్న జీవిని కట్టి గురి చూసి కొట్టడాన్ని ప్రవక్త (స) శపించారు. చీమల పుట్టను తగులబెట్టిన అనుచరులను చూసి, నిప్పుతో శిక్షించే అధికారం నిప్పు ప్రభువుకే తప్ప మరెవరికీ లేదని వారించిన ఉల్లేఖనం అబూ దావూద్‌లో వున్నది. పూర్వ ప్రవక్తలలో ఒకరిని చీమ కుట్టగా ఆయన పుట్టనంతటినీ కాల్పించారనీ, కుట్టినది ఒక్క చీమ కాదా అని అల్లాహ్ మందలించాడనీ మరొక హదీసు. అపరాధానికి మించిన శిక్ష జీవుల విషయంలో కూడా తగదని దీని నుండి ధర్మవేత్తలు గ్రహించారు. భూమి మీది జంతువులూ, ఎగిరే పక్షులూ మానవుల వంటి సముదాయాలేనని దివ్య ఖుర్‌ఆన్ అల్ అన్ఆమ్ సూరా 38వ ఆయతు తెలుపుతున్నది.

వీటన్నిటిని కలిపి చూస్తే మూడు సూత్రాలు తేలుతాయి. ఒకటి: చంపడానికి నిజమైన హాని కారణంగా వుండాలి. రెండు: ప్రాణం వీలైనంత త్వరగా పోవాలి. మూడు: బంధించిన జీవిని ఆకలికీ, దప్పికకూ, నిప్పుకూ, చిత్రవధకూ వదలరాదు.

స్ప్రింగు బోను ఎట్లా పని చేస్తుంది?

నేడు ఇండ్లలో, గోదాములలో కనిపించే చెక్క పలక బోను రూపానికి 1894లో అమెరికాకు చెందిన విలియం హుకర్ పేటెంటు పొందాడు. పలక మీద చుట్టబడిన స్ప్రింగు, దానికి బిగించిన తీగ కమ్మీ, ఎర పెట్టే మీట – యివే దాని భాగాలు. ఎలుక ఎరను కదిలించగానే మీట జారి కమ్మీ విసురుగా పడుతుంది.

యిటువంటి బోను మంచి చెడ్డలు రెండు కొలతల మీద ఆధారపడి వుంటాయి. మొదటిది దెబ్బ తీవ్రత. కమ్మీ ఎంత బరువుతో, ఎంత వేగంతో పడుతున్నదన్నది. రెండవది పట్టు బలం. పడిన తరువాత కమ్మీ ఎంత గట్టిగా నొక్కి వుంచుతున్నదన్నది. దెబ్బ తలమీదనో మెడమీదనో బలంగా పడితే ఎలుక వెంటనే స్పృహ కోల్పోతుంది. పట్టు బలం వలన తిరిగి తేరుకోదు. దెబ్బ బలహీనమైతే, లేక కాలిమీద, తోకమీద, నడుముమీద పడితే, ఆ ఎలుక గంటల తరబడి బాధపడుతుంది. కాలు కొరుక్కొని పారిపోవడం కూడా జరుగుతుంది. చూడడానికి ఒకే తీరుగా వున్న రెండు బోనుల మధ్య ఎంతో తేడా వుండవచ్చు. బ్రిటన్‌లో అమ్మే ఎలుకల బోనులను 2012లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు కొలిచి చూడగా దెబ్బ తీవ్రతలో అనేక రెట్ల వ్యత్యాసం కనబడింది.

కృష్ణా డెల్టాలో యింతకంటె పాత సాధనం ఒకటున్నది. అది వెదురు బద్దలతో కట్టే ఎలుకల బుట్ట. వంచి కట్టిన వెదురు విల్లే దానికి స్ప్రింగు. లోపల వేయించిన గింజలో, నూకలో పెడతారు. ఎలుక తల దూర్చి ఎరను కదపగానే విల్లు విడివడి ఉచ్చుతాడు మెడకు బిగుసుకుంటుంది. యానాదులు తరతరాలుగా యీ విద్యలో ఆరితేరిన వారు. కలుగు ముఖం చూసి లోపల ఎలుక వున్నదీ లేనిదీ చెప్పగల నేర్పు వారిది. విల్లు బిగువుగా వుండి ఉచ్చు సరిగ్గా మెడకే పడితే యీ బుట్ట పని త్వరగా ముగిస్తుంది. వెదురు పాతబడి సాగిపోతే, ఉచ్చు బిగియక ఊపిరి నెమ్మదిగా ఆగుతుంది. అంటే ఇనుప స్ప్రింగుకైనా, వెదురు విల్లుకైనా పరీక్ష ఒక్కటే.

యితర దేశాలలో ఆమోద పద్ధతి

స్ప్రింగు బోనుకు ప్రభుత్వ ఆమోదం అవసరమన్న ఆలోచన బ్రిటన్‌లో పుట్టింది. అక్కడ చాలాకాలం కుందేళ్ళను పట్టడానికి పళ్ళున్న ఇనుప దవడల బోను వాడేవారు. అది జంతువును చంపదు. కాలు పట్టుకొని వుంచుతుంది, అంతే. బోను పెట్టిన వాడు వచ్చేదాకా జంతువు ఎముక విరిగి అల్లాడుతూ వుండవలసినదే. అడవి జంతువుల పట్ల క్రూరత్వాన్ని పరిశీలించిన ప్రభుత్వ కమిటీ 1951లో దీనిని నిషేధించాలని సిఫారసు చేసింది. 1954 నాటి పెస్ట్స్ చట్టం దరిమిలా, 1958 జూలై 31 నుండి ఇంగ్లండు, వేల్సులలో ఆ బోను వాడకం నేరమైనది. ఆ చట్టం ప్రకారం ప్రభుత్వ ఆమోదం పొందిన స్ప్రింగు బోనులనే వాడాలి. ఏ బోనును ఏ జంతువుకు, ఏ షరతులతో వాడాలో ఉత్తర్వులో వుంటుంది. యితర జంతువులు పడకుండా సొరంగం వంటి గూటిలో పెట్టాలన్నది అటువంటి షరతు.

అయితే యిందులో ఒక లోపం వుండిపోయింది. ఎలుకలకూ, చుంచులకూ వాడే సాధారణ కొట్టుడు బోనులను 1958 నాటి ఉత్తర్వు ఆమోద నిబంధన నుండి మినహాయించింది. అంటే అన్నిటికంటె ఎక్కువగా వాడబడే బోనుకే పరీక్ష లేదు. చిన్న జీవి బాధ చట్టం కంటికి కూడా చిన్నదిగానే ఆనింది.

1997లో యూరోపియన్ యూనియను, కెనడా, రష్యాల మధ్య దయతో కూడిన బోనుల ప్రమాణాలపై అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. యిది బొచ్చు కోసం పట్టే జంతువులకు సంబంధించినది. చంపే బోనును కనీసం 12 జంతువులపై పరీక్షించాలి. వాటిలో 80 శాతమైనా నిర్ణీత కాలంలో స్పృహ కోల్పోవాలి. ఆ కాలం స్టోట్ అనే చిన్న ముంగిస వంటి జంతువుకు 45 సెకన్లు. చాలా జంతువులకు 300 సెకన్లు. యీ కొలత నెగ్గని కారణంగానే, బ్రిటన్‌లో దశాబ్దాలుగా వాడుకలో వున్న ఫెన్ బోనును 2020 ఏప్రిల్ 1 నుండి స్టోట్‌కు వాడరాదన్నారు. యీ ఒప్పందంలోని అంకెలు ఎంతవరకు చాలునన్న దానిపై విమర్శ వున్నది. ఐదు నిమిషాల బాధ దయ అనిపించుకోదని చాలామంది వాదన. అయినా బాధను గడియారంతో కొలిచి, కొలతకు నిలవని సాధనాన్ని పక్కన పెట్టడం ఒక మేలైన అడుగే.

భారతదేశ చట్టంలో ఏమున్నది?

1960 నాటి జంతు హింస నివారణ చట్టానికి శ్రీమతి రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో చేసిన కృషి పునాది. యీ చట్టంలో జంతువు అంటే మనిషి తప్ప ప్రాణమున్న ప్రతి జీవి అనే అర్థం. కనుక ఎలుక కూడా దీని పరిధిలోనిదే. అనవసరమైన క్రూర పద్ధతిలో చంపడం 11వ సెక్షను ప్రకారం నేరం. అమలులో వున్న మరొక చట్టం యిచ్చిన అధికారంతో జరిగే నిర్మూలనకు అదే సెక్షనులో మినహాయింపు వున్నది. మొదటి తప్పుకు జరిమానా పది రూపాయలకు తగ్గకుండా యాభై రూపాయల వరకు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని ఐదవ షెడ్యూలు ఎలుకలను, చుంచులను హానికర జీవుల జాబితాలో చేర్చింది. 2022 సవరణతో ఆ షెడ్యూలు తొలగింది. సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలుకు వచ్చింది. దీనివలన పొలం ఎలుకను అదుపు చేసే రైతుకు చిక్కేమీ రాలేదు. కాని చేలో ఉచ్చులు, దవడ బోనులు పెట్టి అడవి జంతువులను పట్టడం మాత్రం ఆ చట్టం కింద వేటగానే పరిగణించబడుతుంది.

గమనించవలసిన విషయం మరొకటి. ఎలుకల మందు అమ్మాలంటే 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద రిజిస్ట్రేషను కావాలి. దాని శక్తి ఎంత, మోతాదు ఎంత, విరుగుడు ఏమిటి అన్నవి సీసా మీద రాయాలి. స్ప్రింగు బోనుకు అటువంటి ఆమోదం ఏదీ అవసరం లేదు. ఎవరైనా చేయవచ్చు, ఎవరైనా అమ్మవచ్చు. కనుక బ్రిటన్‌లో ప్రభుత్వం కొంతవరకైనా మోస్తున్న బాధ్యత యిక్కడ పూర్తిగా బోను పెట్టే వాని భుజం మీదనే వున్నది. చట్టం అడగని ప్రశ్న అతని అంతరాత్మే అడుక్కోవాలి.

యితర పద్ధతులతో పోలిక

బోనును నిర్ణయించేటపుడు దానికి బదులుగా వాడే పద్ధతులు కూడా దృష్టిలో వుండాలి.

డెల్టా గ్రామాలలో సామూహిక ఎలుకల నివారణలో ఎక్కువగా వాడేది బ్రోమాడియోలోన్. 96 పాళ్ళ నూకలకు 2 పాళ్ళ నూనె, 2 పాళ్ళ మందు కలిపి ఎర తయారు చేస్తారు. యిది రక్తం గడ్డ కట్టే శక్తిని పోగొడుతుంది. ఎలుక లోలోపల రక్తస్రావమై కొన్ని రోజులకు చస్తుంది. ఆలస్యంగా చంపడమే దీని బలం. చావుకూ ఎరకూ సంబంధం మిగతా ఎలుకలకు తెలియదు. కాని ఆ ఆలస్యమే బాధ కూడా. పైగా అట్టి ఎలుకను తిన్న గుడ్లగూబ, పాము, పిల్లి కూడా ప్రమాదంలో పడతాయి. జింకు ఫాస్ఫైడు త్వరగా చంపుతుంది గాని, పిల్లల చేతికి చిక్కితే అది ఘోర విషం. పంట విస్తృతంగా నాశనమవుతున్నపుడు, వేలాది ఎకరాలలో, బోనులతో మాత్రమే పని జరగదన్నది వాస్తవం. అటువంటప్పుడు విషపు ఎర అవసరం కిందికి వస్తుంది. అవసరాన్ని దాని హద్దు వరకే కొలవాలన్నది ఫిఖ్‌హ్ సూత్రం. ఇంట్లో తిరిగే రెండు ఎలుకలకూ, గోదాములోని పది ఎలుకలకూ ఆ అవసరం లేదు. అక్కడ మంచి బోను చాలు.

జిగురు అట్ట అన్నిటికంటె హీనమైనది. ఎలుక దానికి అంటుకొని, చర్మం ఊడి, ఆకలితో దప్పికతో రోజుల తరబడి చస్తుంది. పిల్లిని కట్టివేసిన స్త్రీ హదీసు యీ సాధనానికి నేరుగా వర్తిస్తుందనడంలో సందేహం లేదు. భారత జంతు సంక్షేమ మండలి దీనికి వ్యతిరేకంగా సలహా పత్రాలు పంపగా పలు రాష్ట్రాలు నిషేధ ఉత్తర్వులు యిచ్చాయి. వేల్సులో 2023లో దీని వాడకాన్ని నిషేధించారు. ఇంగ్లండులో 2022లో చేసిన చట్టం ప్రకారం 2024 జూలై 31 నుండి లైసెన్సు లేకుండా జిగురు అట్ట పెట్టడం నేరం.

ప్రాణంతో పట్టే జాలీ బోను దయగలదని చాలామంది అభిప్రాయం. పట్టిన తరువాత ఏమి చేస్తారన్న దాని మీదనే అది ఆధారపడి వుంటుంది. బోనుతో సహా నీటిలో ముంచడం, సలసల కాగే నీళ్ళు పోయడం, ఎండలో వదిలేయడం – యివన్నీ ఊళ్ళల్లో కనిపించేవే. ఏదీ ఇహ్‌సాన్ కాదు. ప్రక్క వీధిలోనో, పొరుగువాని చేలోనో వదలడం మరొక తప్పు. హానిని దానితో సమానమైన హానితో తొలగించరాదన్నది 1869–1876 మధ్య ఉస్మానియా ప్రభుత్వం క్రోడీకరించిన మజల్లాలో సైతం చేరిన ప్రసిద్ధ సూత్రం.

చేల చుట్టూ కరెంటు తీగ చుట్టడం వేరే చెప్పవలసిన పని లేని ఘోరం. ఎలుకల కోసం, పందుల కోసం పెట్టిన తీగ తెల్లవారి నీరు పెట్టడానికి వచ్చిన రైతును బలిగొన్న వార్తలు ఆంధ్రదేశంలో పత్రికలలో మళ్ళీ మళ్ళీ వస్తూనే వున్నాయి. ఎలుక నుండి పంటను కాపాడబోయి మనిషి ప్రాణం పోగొట్టడం ఏ ధర్మానికీ, ఏ చట్టానికీ సమ్మతం కాదు.

ఆచరణలో పాటించవలసినవి

పై చర్చ నుండి స్ప్రింగు బోను వాడకానికి కొన్ని నియమాలు ఏర్పడతాయి. యివి ధర్మానికీ, వ్యవసాయ శాస్త్రానికీ రెండింటికీ అనుగుణమైనవి.

మొదటిది, జీవి పరిమాణానికి తగిన బోను. చుంచు బోనులో పందికొక్కు పడితే చావదు, గాయపడుతుంది. కొనే ముందు కర్ర పుల్లతో మీట కదిపి చూడాలి. కమ్మీ విసురుగా, సూటిగా పడాలి. తుప్పు పట్టిన స్ప్రింగునూ, సాగిపోయిన వెదురు విల్లునూ మొండి కత్తి లాగా పక్కన పారవేయాలి.

రెండవది, పెట్టే చోటు. ఎలుక గోడ వెంబడి, గట్టు వెంబడి నడుస్తుంది. బోనును గోడకు అడ్డంగా, ఎర వైపు గోడకు ఆనించి పెడితే తల మీద దెబ్బ పడే అవకాశం ఎక్కువ. ఎర కొద్దిగా, గట్టిగా అంటి వుండాలి. ఎక్కువైతే ఎలుక ప్రక్క నుండి తిని పోతుంది, లేదా దెబ్బ తప్పు చోట పడుతుంది.

మూడవది, ఓపిక. ఎలుక కొత్త వస్తువును చూసి జంకుతుంది. రెండు మూడు రాత్రులు బిగించకుండా ఎర మాత్రమే పెట్టి, అలవాటు పడిన తరువాత ఒకేసారి అన్ని బోనులను బిగిస్తే తక్కువ రోజులలో పని ముగుస్తుంది.

నాలుగవది, యితర జీవుల రక్షణ. ఆరుబయట బోనును గూటిలోనో, పెంకు కిందనో పెట్టాలి. లేకుంటే ఉడుత, పిట్ట, కోడిపిల్ల, చివరకు పసివాని వేలు కూడా అందులో పడవచ్చు.

ఐదవది, యిది అన్నిటికంటె ముఖ్యం: తెల్లవారగానే చూడాలి, ప్రొద్దు గూకే ముందు మళ్ళీ చూడాలి. చూడలేని రోజు బోను బిగించకూడదు. సగం చచ్చిన ఎలుక కనిపిస్తే ముఖం తిప్పుకొని పోకుండా, బరువైన వస్తువుతో తల మీద ఒకే దెబ్బతో ముగించాలి. అసహ్యం బాధ్యతను తీసివేయదు.

ఆరవది, కాలం. వరి పొట్టకు వచ్చే దశ నుండి పందికొక్కు ఎక్కువగా పిల్లలు పెడుతుంది. దాని గర్భకాలం దాదాపు మూడు వారాలే. ఆ సమయంలో తల్లిని చంపితే కలుగులోని కళ్ళు తెరవని పిల్లలు ఆకలితో చస్తాయి. పంట తొలి దశలోనే, ఊరంతా కలిసి అదుపు చేస్తే తక్కువ ప్రాణాలు పోతాయి, ఎక్కువ పంట దక్కుతుంది. ఒక్క రైతు తన చేలో చంపితే ప్రక్క చేని ఎలుకలు వచ్చి చేరతాయని డెల్టా రైతులందరికీ తెలిసినదే.

ఏడవది, చంపవలసిన అవసరాన్నే తగ్గించడం. గట్లు సన్నగా వుంచి గడ్డి తీసివేస్తే కలుగులు తగ్గుతాయి. గోదాములో టిక్కీలను నేలకూ గోడకూ ఎడంగా పేర్చాలి; తలుపు కింది సందును రేకుతో మూయాలి. చేలో గుడ్లగూబ వాలేందుకు కొయ్య నాటాలి. గిన్నెలపై మూత పెట్టమనీ, దీపం ఆర్పమనీ చెప్పిన హదీసులలోని బోధ కూడా యిదే. ముందు జాగ్రత్త మొదటి మెట్టు, చంపడం చివరి మెట్టు.

ఉపసంహారం

ఎలుక హాని చేసే జీవి. దానిని చంపడానికి అనుమతి వున్నది. ఆ అనుమతి యిచ్చిన షరీఅతే ప్రాణం తీసే తీరుకు కూడా షరతు పెట్టింది. అనుమతిని మాత్రం తీసుకొని షరతును వదిలివేసిన వాడు ఆదేశంలో సగమే పాటించినట్లు.

హిజ్రీ 660లో పరమపదించిన ఇమాం ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలాం మనిషిపై జంతువులకు గల హక్కులను తన గ్రంథంలో ప్రత్యేకంగా వివరించారు. ఆయన దృష్టిలో అది దయాదాక్షిణ్యాల విషయం కాదు, హక్కుల విషయం. హక్కు అన్న తరువాత దానిని అడగలేని జీవి పక్షాన అడిగే వారెవరైనా వుండాలి.

బోనుల దెబ్బ తీవ్రతనూ, పట్టు బలాన్నీ కొలవడానికి పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. గుంటూరు ప్రక్కనే లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వున్నది. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు వరి పరిశోధనా కేంద్రంలో ఎలుకల నివారణపై ఏండ్ల తరబడి పని జరిగింది. అటువంటి చోట్ల సంతలో దొరికే బోనులను కొలిచి, ఏది ఏ ఎలుకకు తగునో రైతులకు తెలియజేస్తే, విత్తనానికి, మందుకు వున్నట్లే బోనుకూ ఒక ప్రమాణం ఏర్పడుతుంది. అంతవరకు ఆ ప్రమాణం తాడేపల్లి రైతు చేతిలోనే వున్నది. రాత్రి బోను బిగించిన చేయి తెల్లవారి దానిని చూడడానికి కూడా సిద్ధంగా వుండాలి.